ఫిరంగి గొట్టం ఎందుకు పగులుతుంది?

ప్రశ్న: గోల్కొండ పెట్లబురుజు మీది ఫతే రహబర్, తంజావూరు కోటలోని పెద్ద ఫిరంగి, రెండూ పోత పోసినవేనా? పేలిపోకుండా వాటిని ముందే ఎలా పరీక్షించేవారు?
– ఉపాధ్యాయురాలు, జనగామ

జవాబు: కాదు. గోల్కొండది కంచు పోత. రఘునాథ నాయకుని కాలం నాటిదని చెప్పే తంజావూరు ఫిరంగిది కొలిమి పని. పొడవాటి ఇనుప పట్టీలను గొట్టంలా పేర్చి, వాటి మీద ఎర్రగా కాల్చిన కడియాలను వరసగా ఎక్కించేవారు. చల్లారేకొద్దీ కడియం ముడుచుకుని పట్టీలను బిగించేస్తుంది. అతుకు సరిగా పడనిచోట మాత్రం ఆ గొట్టానికి ప్రాణగండమే.

కంచు పోతలో పాళ్లు దాదాపు 90 వంతుల రాగి, 10 వంతుల తగరం. మూసను ఫిరంగి అడుగు కిందికి వచ్చేలా నిలువుగా పాతేవారు. పైనున్న లోహం బరువుకు అడుగుభాగం గట్టిపడుతుంది. మందు మండేది అక్కడే కాబట్టి బలం కావలసిందీ అక్కడే. గాలిబుడగలు, మడ్డి పైకి తేలతాయి. అందుకే మూతికి పైన కొంత లోహం అదనంగా పోసి, తరవాత ఆ ముక్కను కోసి పారేసేవారు. మూసలో తడి మిగిలితే పోత సమయంలోనే ముప్పు. 1716లో లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కార్ఖానాలో తడి మూసలో లోహం పోయగానే ఆవిరి పేలి పలువురు చనిపోయారు. వూలిచ్‌లో ప్రభుత్వ ఫౌండ్రీ పెట్టడానికి దారితీసింది ఈ ప్రమాదమే.

ఇక ఐరోపా ఆయుధశాలల్లో పరీక్ష. మామూలుకన్నా ఎక్కువ మందు కూరి, మనుషులంతా దూరంగా తప్పుకున్నాక పేల్చేవారు. ఆ తరవాత లోపలికి నీటిని ఒత్తిడితో ఎక్కించి, బయట ఎక్కడైనా చెమ్మ ఊరుతుందేమో చూసేవారు. అద్దంతో ఎండను గొట్టంలోకి మళ్లించి గుంటలు, పగుళ్లు వెతికేవారు. ఇంత చేసినా హామీ ఉండేది కాదు. కంచు చాలాసార్లు ఉబ్బి ముందే హెచ్చరిస్తుంది. పోత ఇనుము ఏ సూచనా లేకుండా ముక్కలవుతుంది. స్కాట్లండ్ రాజు రెండవ జేమ్స్ 1460లో తన సొంత ఫిరంగి పగిలే చనిపోయాడు. 1844లో అమెరికా యుద్ధనౌక ప్రిన్స్‌టన్ మీద చేత ఇనుప (కొలిమిలో కాల్చి, సాగగొట్టి చేసిన) ఫిరంగి పగిలి విదేశాంగ మంత్రి ఆబెల్ అప్షర్ సహా పలువురు మరణించారు. అది అప్పటికే పరీక్షలో నెగ్గిన ఫిరంగి. ప్రతి పేలుడుకూ లోపలి పగులు వెంట్రుకవాసి పెరుగుతూనే ఉంటుంది మరి.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అబ్బాయి జీఐ పైపుతో చిన్న ఫిరంగి చేసి, కాలేజీ ప్రదర్శనలో పేల్చి చూపిస్తానంటున్నాడు. జాగ్రత్తలు చెప్పండి.
– పాఠకుడు, తెనాలి

జవాబు: చేయనివ్వకండి. ఆ పైపు నీటి ఒత్తిడికి చేసింది. పొడవునా వెల్డింగ్ అతుకు ఉంటుంది. మూత బిగించే మర గాళ్లు (థ్రెడ్లు) కోత పెట్టినట్టే, చీలిక అక్కడే మొదలవుతుంది. ఒకసారి తట్టుకుంది కదా అని రెండోసారికి దగ్గరగా నిలబడతారు. దెబ్బ తగిలేది అప్పుడే. పైగా లైసెన్సు లేకుండా మందుగుండు, ఆయుధం తయారుచేస్తే 1884 పేలుడు పదార్థాల చట్టం, 1959 ఆయుధాల చట్టం కింద కేసవుతుంది.

ప్రదర్శనకు కొయ్యది చేయించండి. 70 సెం.మీ. ఎండిన వేప దుంగను తరిమెన (లేత్) పట్టించి, అడుగున లావుగా, మూతి వైపు సన్నగా తీయించాలి. పచ్చి దుంగయితే నెల తిరక్కుండా నెర్రెలిస్తుంది. మూతిలో 3 సెం.మీ. లోతు గుంట చాలు, ఆపైన తొలవకూడదు. బండి మీద ఆనే రెండు మొలలనూ అడుగు నుంచి 30 సెం.మీ. దగ్గర బిగించాలి. పాత కొలత ప్రకారం అది పొడవులో ఏడింట మూడు వంతులు. మొలలు సరిగ్గా మధ్యలో పెడితే అడుగు బరువుకు వెనక్కి వాలిపోతుంది. కొంచెం వాలాలి, కానీ అంత కాదు. ఆ బరువు ఆనడానికి అడుగు కింద ఒక చీల పెట్టాలి. మోతకు స్పీకరు ఉండనే ఉంది.

ప్రశ్న: దీపావళికి పిల్లలు పీవీసీ గొట్టంలో కార్బైడ్ వేసి పేలుస్తున్నారు. అందులో మందు లేదు కదా, ప్రమాదమేనా?
– గృహిణి, నిజామాబాద్

జవాబు: ప్రమాదమే. కాల్షియం కార్బైడ్‌కు నీరు తగిలితే ఎసిటిలీన్ వాయువు, సున్నం వస్తాయి. వాయువు పేలితే ప్లాస్టిక్ చిట్లుతుంది, సున్నం కంటిని లోపలిదాకా కాలుస్తుంది. ఒక్కోసారి అంటుకోలేదేమోనని గొట్టంలోకి తొంగిచూసినప్పుడే పేలుతుంది. 2025 దీపావళికి భోపాల్‌లో చాలామంది పిల్లలు ఇలాగే కళ్లకు గాయాలై ఆసుపత్రుల్లో చేరారు.

కంట్లో పడితే నలపనివ్వకండి. పైకి కనిపించే రేణువులను పొడి దూదితో తీసేసి, రెప్పలు తెరిచి కనీసం 20 నిమిషాలు ధారగా మంచినీళ్లు పోయండి. నీళ్లు పోస్తే రేణువులు మరింత మండుతాయని ఆగకూడదు, ధార ఎక్కువైతే కొట్టుకుపోతాయి. పాలు, నెయ్యి, కాటుక, దుకాణంలో కొన్న చుక్కల మందు వద్దు. నొప్పి తగ్గినట్టున్నా సరే, అదే పూట కంటి డాక్టరుకు చూపించండి.