ఎక్కువ డబ్బు పెట్టి కొన్నా దండగ కానివి ఏవి?

మీరు అడిగింది ఇదీ: చెన్నైలో ఉద్యోగం, ఈ ఏడు బోనస్ బాగానే వచ్చింది. అమ్మగారికి కంచిపట్టు చీర, మీకు లెదర్ బూట్లు, ఒక ఆటోమేటిక్ వాచీ, హాల్లోకి సోఫా అనుకుంటున్నారు. అన్నింటికీ చాలదు కాబట్టి దేనికి ఎక్కువ పెట్టొచ్చో, దేనికి అక్కర్లేదో చెప్పమన్నారు.

నేను తిరువాన్మియూరులో సముద్రానికి దగ్గరగా చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఖరీదైన వస్తువు కొనే ముందు నేను చూసుకునేది ఒకటే. పాడైతే దాన్ని బాగుచేసేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారా? ఉంటే రెట్టింపు ధర పెట్టినా నాకు బాధ లేదు. లేకపోతే ఎంత పేరున్న కంపెనీదైనా అది వాడి పారేసే సరుకే, కాకపోతే కాస్త ఖరీదైనది.

ముందు చీర సంగతి. మీ జాబితాలో ధైర్యంగా డబ్బు పెట్టదగ్గది ఇదే. చీర ధరలో పెద్ద వాటా జరీది. అసలు జరీ అంటే పట్టుదారానికి వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత వేసింది. దానికన్నా చవక రకంలో వెండి బదులు రాగి ఉంటుంది, మరీ చవకదాంట్లో ఒట్టి ప్లాస్టిక్ మెరుపే. టీ నగర్ షాపుల్లో ఆ లైట్ల కింద మూడూ ఒకేలా ధగధగలాడతాయి. కొంగు చివర వేలాడే జరీపోగు ఒకటి తీసి గోటితో గట్టిగా గీకండి. లోపల ఎర్రదారం కనిపిస్తే మంచి గుర్తే, కానీ అదొక్కటే చూసి నమ్మేయకండి. పెద్ద షాపుల్లో జరీని పరీక్షించే మెషిన్ ఉంటుంది. వెండి ఎంత, బంగారం ఎంత అన్నది శాతాల్లో చూపిస్తుంది. అడిగితే విసుక్కోరు, విసుక్కుంటే అక్కడ కొనకండి. బిల్లు మీద ‘ప్యూర్ జరీ’ అని రాయించుకోండి. చీరకు సిల్క్ మార్క్ ట్యాగ్ ఉందికదా అని ఊరుకుంటే పప్పులో కాలేసినట్టే. అది పట్టు అసలుదని చెబుతుందే తప్ప జరీ గురించి ఏమీ చెప్పదు.

అంచు ఒక రంగు, ఒళ్లు ఒక రంగు ఉన్న చీర నచ్చితే తిరగేసి చూడండి. కోర్వై పని అయితే మూడు నాడెలతో నేస్తూ, అంచు పోగునూ ఒంటి పోగునూ ఒకదానికొకటి మెలేసుకుంటూ వెళ్తారు. మన చీరాల కుప్పడం చీరల్లో చేసేదీ అలాంటి పనే. ఆ అతుకు దగ్గర గీత నున్నగా ఉండదు, సన్నటి రంపపు పళ్లలా కనిపిస్తుంది. సంప్రదాయంగా అయితే మగ్గం దగ్గర ఇద్దరు పనిచేయాలి. మీరు పెట్టే అదనపు డబ్బు ఆ రెండో మనిషి కూలి.

ఇప్పుడు రిపేరు మాట. మా అమ్మ పెళ్లిచీర మడతల దగ్గర చీలికలైంది, అంచూ కొంగూ మాత్రం చెక్కుచెదరలేదు. మైలాపూరులో ఒకాయన వాటిని విడదీసి కొత్త పట్టుకు వేసిచ్చాడు. మా చెల్లెలు సీమంతానికి కట్టుకుంటే, ‘ఎక్కడ కొన్నావే?’ అని మా పెద్దమ్మే అడిగింది. ఆవిడ ఆ పెళ్లిలో ఈ చీరను చూసిన మనిషి! బాగుచేయడానికి వీల్లేనంతగా పాడైనా అసలు జరీ ఉన్న చీరకు ఎంతో కొంత విలువ మిగులుతుంది. ‘పాత పట్టుచీరలు కొంటాం’ అంటూ మన వీధుల్లో తిరిగేవాళ్లు ముందు చేత్తో పట్టుకుని చూసేది జరీనే. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ప్లాస్టిక్ కవర్లో పెట్టకుండా పాత నూలుగుడ్డలో చుట్టి ఉంచండి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి. వెండి నల్లబడటానికి ఈ ఊరి గాలి చాలు.

ఆ గాలికే బలయ్యేది మీ సోఫా. షోరూముల్లో ‘పీయూ లెదర్’, ‘లెదరెట్’ అని అమ్మేవాటిలో ఎక్కువగా ఉండేది గుడ్డ మీద పాలీయురెథేన్ పూత. తేమ తగిలేకొద్దీ ఆ పూత లోలోపలే తెగిపోతూ ఉంటుంది, మీరు కూర్చున్నా కూర్చోకపోయినా. కొన్నేళ్లకు చేతులానించే చోట పొలుసులు లేచి చెమటతో ఒంటికి అంటుకుంటుంది. ‘ఇటాలియన్ లుక్’ అని దానికి లక్ష పెట్టడం నాకు మింగుడుపడదు. అదే డబ్బుతో టేకు ఫ్రేము, గుడ్డ కవర్లు ఉన్నది చేయించుకోండి. స్పాంజి కుంగితే మార్పించొచ్చు, కవరు మాసితే ఉతకొచ్చు, చెక్క వెలిస్తే పాలిష్ పట్టించొచ్చు. ఇవన్నీ చేసేవాళ్లు ప్రతి పేటలోనూ ఉన్నారు.

బూట్ల సోల్స్‌లోనూ ఇదే పీయూ వస్తుంది. మా బావగారికి ఎవరో విదేశాల నుంచి ఖరీదైన బూట్లు తెచ్చారు. పాడవుతాయని ఆయన వాటిని డబ్బాతో సహా అటకమీద భద్రంగా దాచారు. కొన్నేళ్ల తర్వాత ఒక పెళ్లికి వేసుకొస్తే, కళ్యాణ మండపం మెట్ల నుంచి భోజనాల హాలు దాకా నల్లటి ముక్కలు రాల్చుకుంటూ నడిచారు. వెనకాల మా పిల్లలు అవి ఏరుకుంటూ! తరచూ వేసుకున్నా ఆ సోల్ ఎప్పటికైనా పోయేదే, అటకమీది ఉక్కకు పెళ్లిలోనే పోయింది.

మీరు ఎక్కువ పెట్టాలనుకుంటే గుడ్‌ఇయర్ వెల్ట్ బూట్లు చూడండి. పేరు గొప్పగా ఉన్నా విషయం తేలికే. పైతోలుకూ లోపలి అట్టకూ కలిపి చుట్టూ ఒక తోలుపట్టీ కుడతారు, అడుగు సోల్‌ను ఆ పట్టీకి కుడతారు. అరిగితే పైతోలు జోలికి పోకుండా కింది కుట్టు విప్పి కొత్త సోల్ వేయొచ్చు. జిగురుతో అతికించినవాటికి ఆ వీలు అంతగా ఉండదు. వీటి కోసం ఫారిన్ బ్రాండ్ల వెంట పడక్కర్లేదు. బెంగళూరు దారిలో ఉన్న రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి నుంచే తోలు బూట్లు విదేశాలకు వెళ్తున్నాయి. కొనేచోట ‘సోల్ మార్చి ఇస్తారా?’ అని అడగండి. నీళ్లు నమిలారంటే బయటికి వచ్చేయండి. అన్నట్టు, చెమటపట్టే ఈ ఊళ్లో ఒకే జత రోజూ వేయకండి, మధ్యలో ఒకరోజు ఆరనివ్వండి.

ఇక వాచీ. టైము కోసమే అయితే బ్యాటరీతో నడిచే మామూలు క్వార్ట్జ్ వాచీ చాలు, సాధారణంగా నెలకు కొన్ని సెకన్లే తేడా వస్తుంది. బ్యాటరీ లేకుండా చేతి కదలికతోనే నడిచే ఆటోమేటిక్‌లో రోజుకే అంత తేడా రావచ్చు. లోపల తిరిగే చక్రాల మీద మోజుంటే అది వేరే విషయం, నాకూ ఆ మోజు తెలుసు. కానీ కొన్నేళ్లకోసారి విప్పి నూనె వేయించాలి. కొనకముందే సర్వీసుకు ఎంతవుతుందో, చెన్నైలోనే చేస్తారో లేదో కనుక్కోండి. వేరే ఊరికి పంపాలి, టైము పడుతుంది అన్నారంటే, నేనైతే ఆ డబ్బు తీసి చీరలో కలిపేస్తాను. ఏ రంగు కావాలో మాత్రం ముందే అమ్మగారి నోటితో చెప్పించండి. ‘నాకు ఏదైనా పర్లేదురా’ అంటే నమ్మకండి.