కుక్క కాలు జారని నేల

ప్రశ్న: కింది గదికీ, వెనక వరండాకీ సిమెంటు నేలే ఉంది. ఎపాక్సీ (నేల మీద గట్టిపడే రెసిన్ పూత) వేయిద్దామనుకుంటున్నాం. ఇంట్లో రెండు కుక్కలు. పెద్దదానికి తుంటి నొప్పి, నున్నటి నేల మీద వెనక కాళ్లు చెరో పక్కకీ జారిపోతాయి. చిన్నది గోళ్లతో నేలంతా గీకేస్తుంది. జారకుండా, ఎక్కువకాలం మన్నే పూత ఏది?

జవాబు: ఎపాక్సీ వేయించండి, కానీ అదే ఆఖరి పూత కాకూడదు. ఎపాక్సీ సిమెంటును బాగా పట్టుకుంటుంది. గోళ్ల గీతలకు మాత్రం తొందరగా లొంగిపోతుంది, ఎండ తగిలితే పచ్చబడుతుంది. మీ వరండా సంగతి అదే కదా! దాని మీద ఎండకు అంతగా పచ్చబడని అలిఫాటిక్ పాలీయురేథేన్ గానీ, పాలీయాస్పార్టిక్ గానీ టాప్ కోట్‌గా, అంటే ఆఖరి పూతగా వేయమనండి. మెరుపు లేని మాట్ ఫినిష్ తీసుకోండి. ముదురు రంగులో తళతళలాడే నేల మీద ప్రతి గీతా లెక్కపెట్టుకోవచ్చు.

అయితే మాట్ అన్నంత మాత్రాన పట్టు దొరకదు. పట్టు వచ్చేది టాప్ కోట్‌లో కలిపే గ్రిట్ వల్ల, అంటే గరుకుదనం కోసం వేసే పలుకుల వల్ల. అల్యూమినియం ఆక్సైడ్ పలుకులు పదునుగా ఉంటాయి. బూట్లతో తిరిగే షెడ్డులకు అవి భేష్. మోటు రకం వేస్తే కుక్క అరికాళ్లు ఒరుసుకుపోతాయి, మాప్ పీచులు తెగి నేలకే అంటుకుంటాయి. ఇంట్లోకి సన్నటి పాలిమర్ గ్రిట్ చాలు.

నేల ఎంత జారదో చెప్పడానికి అమ్మేవాళ్లు ఆర్ 10, ఆర్ 11 అని నంబర్లు చెబుతారు. నూనె పూసిన ఏటవాలు బల్ల మీద బూట్లేసుకున్న మనిషిని నడిపించి తేల్చే లెక్క అది. మీ కుక్క బూట్లేసుకోదు! అందుకే నేనైతే శాంపిల్ చూడకుండా పని మొదలుపెట్టనివ్వను. కుక్క నాలుగు కాళ్లూ పట్టేంత ప్లైవుడ్ ముక్కల మీద రెండు మూడు మోతాదుల్లో గ్రిట్ వేయించండి. పూర్తిగా ఆరాక సబ్బునీళ్లు చల్లి, పెద్దదాన్ని మెల్లగా నడిపించండి. వేళ్లు విప్పి, గోళ్లను కిందికి వంచి నేలను పట్టుకోవాలని చూస్తోందంటే, దానికి ఆ గ్రిట్ చాలలేదన్నమాట. గోళ్లు కత్తిరించి, అరికాళ్ల మధ్య పెరిగిన వెంట్రుకలు తీసేశాకే ఈ పరీక్ష పెట్టండి.

ఇక మన్నిక. పూత పెచ్చులూడిందంటే తప్పు చాలాసార్లు కిందే ఉంటుంది. పూత వేయకముందే 18 అంగుళాల చదరం ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో నేలకు అంటించి, కనీసం 16 గంటలు వదిలేయండి. తీసినప్పుడు అడుగున నీటిబొట్లున్నా, సిమెంటు నల్లబడినా పని ఆపి, ముందు చెమ్మ సంగతి చూడండి. పూత పట్టడానికి నేలను యాసిడ్‌తో కడిగేస్తే సరిపోతుందంటే ఒప్పుకోకండి, మెషీన్‌తో పైపొర అరగదీసే గ్రైండింగ్ చేయించాల్సిందే. కుక్క మూత్రం అంచుల్లోంచి పూత కిందికి దిగుతుంది కాబట్టి, పూతను గోడ మీదికి నాలుగంగుళాలు ఎక్కించండి.

వేసిన మర్నాడు నడవగలిగినా, చాలా ఎపాక్సీలు పూర్తిగా గట్టిపడటానికి వారం పడుతుంది. డబ్బా మీద రాసిన గడువు దాకా కుక్కల్ని అటు రానివ్వకండి. పాలీయురేథేన్ ఆవిర్లు ఊపిరితిత్తులకు మంచివి కావు, మనకైనా వాటికైనా.

ప్రశ్న: మాది ఇదివరకే వేసిన ఎపాక్సీ. పిల్లి కూడా జారుతోంది. మొత్తం పెకలించాలా?

జవాబు: అక్కర్లేదు. పూత ఎక్కడా లేవకపోతే, పై మెరుపు పోయేదాకా ఇసుక కాగితంతో రుద్దించి, దుమ్ము తుడిచి, గ్రిట్ కలిపిన టాప్ కోట్ ఒకటి వేయించండి. మెరుపు కోసం మైనం పాలిష్ పెడుతున్నట్టయితే మాత్రం ముందు అది మానేసి చూడండి.