బస్తాకు రెండు కిలోల తరుగు

ప్రశ్న: సార్, నమస్తే. మాది మిర్యాలగూడ పక్కన పల్లెటూరు. ఒక రైస్ మిల్లులో కాంటా దగ్గర గుమాస్తాను. యాసంగి వడ్లు దిగే రోజుల్లో ట్రాక్టర్లు రాత్రంతా వరుసలో ఉంటాయి. ఒక బండి తూగి ఇంకోటి ఎక్కేలోపు ఊరికే కూర్చోవాలి. ఐపీఎల్ నడుస్తున్నప్పుడు అలా కూర్చునే ఒక బెట్టింగ్ యాప్ పెట్టుకున్నాను. టెలిగ్రామ్‌లో వచ్చిన లింకు అది. నాకు జూదం అలవాటు లేదు, దసరాకు కూడా పేకముక్క పట్టను. ఎలా ఉంటుందో చూద్దామని మాత్రమే.

నాకు అనిపించింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. యాప్ బాగుంది. మా బ్యాంకు యాప్ కన్నా త్వరగా తెరుచుకుంటుంది. అన్నీ తెలుగులోనే ఉన్నాయి. రాత్రి రెండు గంటలకు సందేహం అడిగినా నిమిషంలో జవాబిస్తారు, అదీ ‘ప్రియమైన స్నేహితుడా’ అంటూ. మొదట 500 వేస్తే ఇంకో 500 బోనస్ కలిపారు. తర్వాత 500, ఆ తర్వాత 1,000 వేశాను. మధ్యలో ఒకసారి 640 రూపాయలు పది నిమిషాల్లో నా ఖాతాలో పడ్డాయి. అప్పుడు నమ్మకం కుదిరింది. ఇప్పుడు యాప్‌లో 3,860 కనిపిస్తున్నాయి. తీసుకుందామంటే, మొదట వేసిన 500, బోనస్ 500 కలిపి దానికి పదిహేను రెట్ల ఆట ఆడాలన్నారు. నాలుగు రాత్రులు కూర్చుని అదీ ఆడాను. ఇప్పుడేమో 30 శాతం పన్ను, అంటే 1,158 రూపాయలు, నేను ముందుగా కడితే మొత్తం వదులుతామంటున్నారు. కట్టమంటారా? నా మీద కేసు అవుతుందా? ఇంకో చిన్న సంగతి. డబ్బు వేసిన మూడుసార్లూ మూడు వేరే పేర్లు వచ్చాయి. ఒకటి ఆడమనిషి పేరు. దానికేమైనా అర్థముందా?

— పేరు రాయవద్దని కోరిన పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 1,158 సంగతి. కట్టవద్దు. ఆన్‌లైన్ ఆటల్లో గెలుపు మీద 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే, 2023 ఏప్రిల్ నుంచి ఆ నిబంధన ఉంది. అయితే ఆ పన్నును ఆడించేవాడు మీకు ఇవ్వవలసిన సొమ్ములోంచి కోసి, మిగిలింది చేతిలో పెట్టాలి. మీరే ఎదురు కట్టాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. మీ సొమ్ము వాళ్ల దగ్గరే ఉందంటున్నారు కదా, అందులోంచి కోసుకోమనండి. ‘ప్రియమైన స్నేహితుడా’ అన్నవాడు ఆ నిమిషం నుంచి జవాబివ్వడం మానేస్తాడు.

ఇక మీరు ‘చిన్న సంగతి’ అని చివర రాసింది. నా ముప్ఫై ఏళ్ల బ్యాంకు ఉద్యోగం ఆ చిన్న సంగతితోనే గడిచింది. దేవరకొండలో పనిచేసేటప్పుడు, చెక్కు మీద ఇంటిపేరు ఒక అక్షరం తేడా ఉందని ఒక బత్తాయి రైతును రెండుసార్లు వెనక్కి పంపాను. బస్టాండులో కనిపించి నలుగురిలో తిట్టాడు. తిట్టించుకున్నాను కానీ పేరు చదవడం మానలేదు. యూపీఐలో అంకె నొక్కేముందు ఎవరికి పోతున్నదో పేరు చూపిస్తుంది. మీరు ఆడుతున్నది ఒక కంపెనీతో అయితే కంపెనీ పేరు రావాలి. మూడుసార్లూ మూడు మనుషుల పేర్లు వచ్చాయంటే అవి అద్దె ఖాతాలు. నెలకు ఇంతని ఇచ్చి ఎవరిదో పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము తీసుకుంటారు. ఆ ఖాతా స్తంభించేదాకా వాడుకుని ఇంకోదానికి మారతారు.

నన్ను భయపెట్టింది మీరు పోగొట్టుకున్నది కాదు, మీకు వచ్చిన 640. ఆ డబ్బు కూడా ఇలాంటి ఖాతా నుంచే వచ్చి ఉంటుంది. అదే ఖాతాలోకి ఇంకెక్కడో మోసపోయిన మనిషి సొమ్మూ పడి ఉండవచ్చు. ఆ మనిషి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేస్తే, పోలీసులు ఆ సొమ్ము ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పోయిందో వరుసగా చూస్తూ, దారిలో ఉన్నవాటిలో డబ్బు కదలకుండా ఆపమని బ్యాంకులకు రాస్తారు. మీ జీతం పడే ఖాతా ఆ వరుసలో ఉంటే, 640 కోసం జీతం ఆగుతుంది. ఏ రాష్ట్రపు పోలీసులో ఆపిన ఖాతాను విడిపించుకోవడానికి మిల్లులో సెలవు పెట్టి తిరగవలసి వస్తుంది. ఓడినవాడికి లేని బెడద ఇది.

బోనస్ గురించి మీరు అడగలేదు కానీ కాంటా దగ్గర పనిచేసే మనిషికి చెప్పకుండా ఉండలేను. బలాబలాలు సమానమైన మ్యాచుకు ఇలాంటి యాప్‌లలో రెండు వైపులా 1.90 అని, అంటే రూపాయి వేసి గెలిస్తే రూపాయి తొంభై పైసలు అని, రాసి ఉండటం మామూలు. అటు వంద, ఇటు వంద, మొత్తం రెండు వందలు వేసి చూడండి. ఎవరు గెలిచినా తిరిగి వచ్చేది 190. అంటే వందకు అయిదు రూపాయల తరుగు ఆట మొదలుకాకముందే తీసేశారు. నలభై కిలోల బస్తాకు రెండు కిలోలన్నమాట. మీ మిల్లులో అంత తరుగు తీస్తే రైతులు వడ్ల బస్తాలు రోడ్డు మీద వేసి కూర్చుంటారు. ఇక్కడ మీరు కాంటా ఎక్కిన ప్రతిసారీ అంత ఇచ్చి దిగారు. వెయ్యికి పదిహేను రెట్లంటే 15,000. దాని మీద వందకు అయిదు చొప్పున 750. వాళ్లిచ్చిన బోనస్ 500. అయినా మీ అంకె 3,860కి పెరిగిందంటారా? అదృష్టమూ కావచ్చు. ఇవ్వదలచుకోని డబ్బుకు ఎంత అంకె రాసినా వాళ్లకు ఖర్చు లేదనీ గుర్తుంచుకోండి.

కేసు మాట. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్నీ నిషేధించారు. చట్టానికి జంకిన యాప్‌లు అప్పటినుంచి మనవాళ్ల లొకేషన్ చూసి తిప్పి పంపేవి. మీ యాప్ ఆ మాటే అడగలేదంటే దాని జాతి అక్కడే తెలిసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ ఇలాంటి డబ్బు ఆటలను నిషేధించింది. అందులో ఆడించేవాడికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి, ఆడినవాడికి శిక్ష లేదు. మన రాష్ట్ర చట్టం ఆడినవాడి పట్ల అంత ఉదారంగా లేదు, కాబట్టి ఇక ఆ వైపు పోకండి. కోర్టుకు పోయి 3,860 రాబట్టుకుందామన్నా కుదరదు. పందెం ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్‌లోనే ఉంది.

చేయవలసింది కొంచెమే. ఆ మూడు పేర్లు, లావాదేవీ నంబర్లు, 640 వచ్చిన వివరం, పన్ను కట్టమన్న సంభాషణ ఫొటో తీసి పెట్టుకుని 1930కి చెప్పండి. ఆ తర్వాతే యాప్ తీసేయండి. దానికి మీ మెసేజ్‌లు చదివే అనుమతి ఇచ్చి ఉంటే యూపీఐ పిన్ మార్చండి. అలవాటు లేదన్నారు, నమ్ముతాను. కానీ నాలుగు రాత్రులు అన్నారు కదా, అయిదో రాత్రి చెయ్యి తనంతట తానే ఫోను మీదికి పోతే 14416కు ఫోను చేయండి. మానసిక ఆరోగ్యానికి సాయం చేసే నంబరు అది, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మా మరిది కొడుకు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాడు. స్నేహితుడెవరో అడిగితే పాస్‌బుక్కు, కార్డు, సిమ్ము ఇచ్చాడు. నెలకు అయిదు వేలు వస్తున్నాయట. ‘నేనేమీ చేయడం లేదు కదా పెద్దమ్మా’ అంటున్నాడు. ఇది తప్పా?

— ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: అమ్మా, మీ ఉత్తరం, పై ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. పోలీసులు ముందు వెతికేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లనే, వాడుకున్నవాడిని కాదు. స్నేహితుడి దగ్గరికి మళ్లీ పంపకండి. ఈ రోజే బ్రాంచికి మీరూ వెంట వెళ్లండి. కార్డు ఆపించి, ఖాతాలో లావాదేవీలు నిలిపివేయమని రాసిచ్చి, ఆ కాగితం మీద ముద్ర వేయించుకోండి. సిమ్ము అతని పేరున ఉంటే దాన్నీ ఆపించాలి. అక్కడినుంచి నేరుగా స్టేషనుకు వెళ్లి తానుగా చెప్పుకుంటే మంచిది. వాళ్లు వచ్చి అడిగేదాకా ఆగితే ఆ మాటకు విలువ ఉండదు. వీలైతే ముందు ఒక వకీలుతో మాట్లాడండి. వచ్చిన అయిదు వేలు ముట్టుకోవద్దనండి.

బ్రాంచిలో ఉన్నప్పుడే పాస్‌బుక్కు ప్రింటు తీయించి అబ్బాయి ముందు పెట్టండి. ‘నేనేమీ చేయడం లేదు’ అన్నాడు కదా, ఒక్కో వరుసా పైకి చదవమనండి. యాసంగి నెలల్లో, రాత్రి రెండు గంటల వేళ, మిర్యాలగూడ నుంచి 500 పడినట్టు కనిపిస్తే నాకొక ఉత్తరం రాయండి.