ముక్కు దూలం ఆపరేషన్‌లో సుత్తి, ఉలి వాడతారా?

ప్రశ్న: నా వయసు 34. ముక్కు ఎడమవైపు ఎప్పుడూ మూసుకుపోయి ఉంటోంది. దూలం వంకరగా ఉందని, ఆపరేషన్ చేయాలని ఈఎన్‌టీ డాక్టర్ చెప్పారు. ఫోన్‌లో ఓ వీడియో చూశాను. ముక్కు మీద ఉలి పెట్టి సుత్తితో కొడుతున్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. నాకూ అలాగే చేస్తారా? లేజర్‌తో కుదరదా? పరికరాల శుభ్రత సంగతేంటి?

జవాబు: మీరు చూసింది బహుశా ముక్కు ఆకారం మార్చే రైనోప్లాస్టీ అయ్యుంటుంది. అందులో పైఎముకను కోయాల్సి వస్తే ఆస్టియోటోమ్ అనే ఉలి వాడతారు. మీకు చెప్పింది సెప్టోప్లాస్టీ, అంటే దూలాన్ని, రెండు రంధ్రాల మధ్య గోడను, సరిచేయడం. సాధారణంగా కోత ముక్కు లోపలే ఉంటుంది, బయటికి మచ్చ కనిపించదు.

ఇందులో అసలు పని ఫ్రీయర్ ఎలివేటర్‌ది. పెన్నులా పట్టుకునే సన్నటి కడ్డీ అది. 15 నంబర్ బ్లేడుతో చిన్న గాటు పెట్టి, ఈ కడ్డీతో మృదులాస్థి (గోడలోని మెత్తటి ఎముక) మీది పొరను మెల్లగా లేపుతాం, గోడకు అంటించిన కాగితాన్ని చిరగకుండా ఊడదీసినట్టు. సరైన పొరలో వెళితే రక్తం పెద్దగా రాదు. రెండువైపులా ఒకేచోట చిరిగితే మాత్రం గోడకు చిల్లు పడొచ్చు. మాకు ఓపిక కావాల్సింది ఇక్కడే. తర్వాత వంకర ముక్కను మాత్రమే ఫోర్సెప్స్ అనే పట్టకారుతో తీస్తాం. పైన, ముందు దాదాపు సెంటీమీటరు వెడల్పు పట్టీని వదిలేస్తాం, లేకపోతే ముక్కు కుంగిపోతుంది.

ముక్కు అడుగున ఎముక మొన పొడుచుకొచ్చి ఉంటే చిన్న ఉలి అవసరమవుతుంది. తేలికగా నాలుగు దెబ్బలు, అంతే. మత్తులో ఉంటారు కాబట్టి నొప్పి తెలియదు. మొదటిసారి చూసినప్పుడు నాకూ ఒళ్లు జలదరించింది లెండి!

వంకర దూలాన్ని లేజర్ నిటారుగా చేయలేదు. ముక్కు పక్కగోడల్లో ఉబ్బిన కండను తగ్గించడానికి కొందరు వాడతారు, అది వేరే సమస్య. తిరిగే బ్లేడుతో కోస్తూ పీల్చేసే మైక్రోడెబ్రైడర్ కూడా ఎక్కువగా పాలిప్స్‌కే, అంటే ముక్కు లోపల పెరిగే మెత్తటి కండలకే.

ఇక శుభ్రత. లోహపు పరికరాలను ఆటోక్లేవ్‌లో ఆవిరి ఒత్తిడితో, 121 డిగ్రీల దగ్గరైతే కనీసం 15 నిమిషాలు, 134 దగ్గరైతే కనీసం 3 నిమిషాలు ఉంచుతారు. బ్లేడు ఒక్కరికే వాడి పారేస్తారు. ఎలా శుభ్రం చేస్తారో మీ డాక్టర్‌ను నేరుగా అడగండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

రక్తం గడ్డకట్టకుండా చేసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మందులు వాడుతుంటే ముందే చెప్పండి. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి.