నంబర్ సిరీస్ దగ్గరే టైమంతా పోతోంది

ప్రశ్న: సార్, డిగ్రీ అయిపోయింది, బ్యాంక్ క్లర్క్ ఎగ్జామ్‌కి ఇంట్లోనే ప్రిపేర్ అవుతున్నా. సింప్లిఫికేషన్ పర్లేదు గానీ నంబర్ సిరీస్ వస్తే ఒక్కో లెక్క మీద మూడు నాలుగు నిమిషాలు కూర్చుండిపోతున్నా. 4, 9, 20, 43, 90, ? దీనికి పుస్తకం వెనక 185 అని ఉంది, ఎలా వచ్చిందో తెలీలేదు. సిరీస్ మొత్తం వదిలేయమంటారా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: అయ్యో, వదిలెయ్యొద్దమ్మా. ఐబీపీఎస్ క్లర్క్ ప్రిలిమ్స్‌లో మ్యాథ్స్ 35 ప్రశ్నలకి ఉండేది 20 నిమిషాలే, లాజిక్ తగిలితే సిరీస్ పది ఇరవై సెకన్లలో అయిపోతుంది, డేటా ఇంటర్‌ప్రిటేషన్‌లో (పట్టికలు, గ్రాఫులు చూసి చేసే లెక్కల్లో) అంత తొందరగా మార్కు రాదు కదా.

మీ లెక్కే చూద్దాం. పెన్ను పెట్టేముందు సంఖ్యలు ఎంత స్పీడుగా పెరుగుతున్నాయో చూడండి. 4 తర్వాత 9, 20, 43, 90, ప్రతిదీ ముందుదానికి రెట్టింపు కంటే కాస్త ఎక్కువ. ఆ కాస్త ఎంతో చూస్తే 1, 2, 3, 4. ఇంకేముంది, 90 రెట్టింపు 180, దానికి 5 కలిపితే 185. ఇది తట్టకపోయినా తేడాలు రాసుకుంటే 5, 11, 23, 47, ఇవి కూడా రెట్టింపు ప్లస్ 1, తర్వాతది 95, మళ్ళీ 185కే వస్తాం.

మెల్లగా పెరిగితే తేడాలు రాయండి, ఒక్కసారిగా ఎగిరితే గుణకారం అనుకోండి, పెరుగుతూ తగ్గుతూ పోతే రెండు సిరీస్‌లు కలిపేశారని అర్థం, ఒకటి వదిలి ఒకటి చూడండి. స్క్వేర్లు 30 దాకా, క్యూబ్‌లు 15 దాకా నోటికి రావాలి, 0, 7, 26, 63, 124 చూడగానే క్యూబ్‌లోంచి 1 తీశాడ్రా అనిపించాలి. యాభై రకాల లాజిక్‌లు అంటూ లిస్టులు బట్టీ పట్టడం మాత్రం నాకు నచ్చదు, హాల్లో ఒక్కటీ గుర్తురాదు.

తప్పు సంఖ్య కనుక్కోమంటే ఇంకా ఈజీ. 2, 6, 12, 20, 32, 42, 56 తేడాలు 4, 6, 8, 12, 10, 14. మధ్యలో సంఖ్య తప్పైతే దానికి అటూ ఇటూ ఉన్న తేడాలు రెండూ చెడిపోతాయి, ఇక్కడ 12, 10 తారుమారయ్యాయి, వాటి మధ్యనున్న 32 దొంగ, అక్కడ 30 ఉండాలి. చివరి సంఖ్య తప్పైతే మాత్రం ఒక్క తేడానే చెడుతుంది, అక్కడ జాగ్రత్త.

నిమిషంలో తట్టకపోతే వదిలేసి ముందుకెళ్ళండి, గుడ్డిగా పెట్టి తప్పైతే పావు మార్కు పోతుంది.

ఇది ట్రై చెయ్యండి: 3, 4, 10, 33, 136, ? 685 రాకపోతే గుణకారం వైపు నుంచి ఇంకోసారి చూడండి.