కార్డు లేకపోతే కుర్చీ ఇవ్వరా?

ఎడిసన్ (న్యూజెర్సీ) నుంచి ఒకాయన రాశారు: "మా ఆవిడ వయొలిన్ వాయిస్తుంది. ఇక్కడి ఆర్కెస్ట్రాలో ఒకామె ప్రసూతి సెలవులో వెళ్తే రెండు వారాలు సబ్‌గా రమ్మన్నారు. యూనియన్ కార్డు లేనివాళ్లను కూర్చోనివ్వరని తోటివాళ్లు భయపెడుతున్నారు. నిజమేనా?"

కాదండీ. ఒకప్పుడు నిజమే. యూనియన్‌లో ఉన్నవాళ్లనే పనిలోకి తీసుకోవాలన్న షరతు చెల్లదని 1947లోనే టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం చెప్పేసింది, అయినా ఆ మాట గ్రీన్‌రూముల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. కార్డు లేదన్న ఒక్క కారణంతో పిలిచినవాళ్లే వద్దంటే ఆరు నెలల్లోపు జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకి ఫిర్యాదు చేయొచ్చు. 'సబ్‌లు కాంట్రాక్టర్లు, మా ఉద్యోగులు కారు, ఈ చట్టం వాళ్లకి వర్తించదు' అని మేనేజ్‌మెంట్ అనొచ్చు. పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ సింఫనీ ఆర్కెస్ట్రా తన వాద్యకారుల విషయంలో అలాగే వాదించి 2016లో అప్పీలు కోర్టులో ఓడిపోయింది. అలాగని ప్రతి ఆర్కెస్ట్రాకీ అదే తీర్పు వస్తుందని కాదు, ఎవరి పని పరిస్థితులు వాళ్లవి.

మరి అసలు చేరనే అక్కర్లేదా? న్యూజెర్సీలో యూనియన్ ఒప్పందం 30 రోజులు దాటినవాళ్లను చేరమనొచ్చు. రెండు వారాలకి ఆ బాధ లేదు, సీజనంతా పిలుస్తూ పోతేనే రోజులు ఎలా లెక్కపెడతారో ఒప్పందంలో చూసుకోవాలి. అప్పుడైనా 'చేరడం' అంటే చందా కట్టడం వరకే, 1963 నుంచి సుప్రీంకోర్టు చెబుతున్నది ఇదే. సభ్యత్వం వద్దనుకుంటే రాజకీయ ఖర్చుల వాటా కట్టనని కూడా అనొచ్చు (1988 బెక్ తీర్పు). టెక్సాస్‌లో అయితే ఆ చందా కూడా తప్పనిసరి కాదు. నన్నడిగితే, ఎక్కువకాలం వాయించే ఉద్దేశం ఉంటే చేరడమే మేలు, లేకపోతే జీతాల ఒప్పందం మీద ఓటు ఉండదు. సభ్యురాలయ్యాక మాత్రం సమ్మెను కాదని వాయిస్తే యూనియన్ జరిమానా వేయగలదు.

మొదటి రిహార్సల్ రోజు పర్సనెల్ మేనేజర్ (వాద్యకారుల వ్యవహారాలు చూసే ఆయన) ఒక కాగితాల కట్ట చేతిలో పెడతాడు. అందులో జీతంలోంచి చందా కోసుకోవడానికి ఒప్పుకునే కార్డు ఉంటే చదవకుండా సంతకం పెట్టొద్దు, జీతంలోంచి కోయాలంటే ఆమె రాతపూర్వక అనుమతి ఉండాల్సిందే. అదే కట్టలో ఐ-9 (అమెరికాలో పనిచేసే అనుమతి ఉందని చూపే) ఫారం ఉంటుంది, నాకు టెన్షన్ దాని గురించే. ఆవిడ హెచ్-4 (మీ ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా) మీద ఉండి ఈఏడీ (పని అనుమతి కార్డు) లేకపోతే యూనియన్ కార్డు ఉన్నా లాభం లేదు, జీతమిచ్చే కుర్చీలో ఊరికే వాయిస్తానన్నా వీసాకి చిక్కే. ముందు ఈఏడీ గడువు తేదీ చూసుకుని, ఆ తర్వాతే వస్తానని చెప్పమనండి.