గణిత పరిశోధనలో బతుకుతెరువు ఉంటుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మాయి బీఎస్సీ గణితం చివరి సంవత్సరం చదువుతోంది. బీఈడీ చేయమంటే వినకుండా బీజీయ జ్యామితి, సంఖ్యా సిద్ధాంతాలలో పరిశోధన చేస్తానంటోంది. అందులో చేసేదేమిటి? ఉపాధి ఉంటుందా?

జవాబు: 27 ఒక ఘనం (3×3×3). అందులోంచి 2 తీసివేస్తే 25 అనే వర్గం (5×5) వస్తుంది. పూర్ణసంఖ్యల్లో 2 తీసివేస్తే వర్గంగా మారే ఘనం ఇదొక్కటే. కోటి సంఖ్యలను పరీక్షించి చూసినా అది నిరూపణ కాదు. ఇటువంటి ప్రశ్నలను సమీకరణాలుగా రాసి, ఆ సమీకరణాలను వక్రరేఖలుగా భావించి, వాటి ఆకృతిని బట్టి వాటిపై ఏ సంఖ్యలు ఉండగలవో తేల్చే చోట మీ అమ్మాయి చెబుతున్న రెండు శాఖలూ కలుస్తాయి. రెండు ఘనాల మొత్తం మరో ఘనం కాలేదనీ, ఘనం కంటే పై ఘాతాలకూ ఇదే వర్తిస్తుందనీ (సున్నా కాని పూర్ణసంఖ్యల్లో) చెప్పే ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని గణితజ్ఞుడు ఆండ్రూ వైల్స్ సాధించింది ఈ దారిలోనే. 1993లో ఆయన ప్రకటించిన నిరూపణలో లోపం బయటపడగా, దానిని సరిదిద్దడానికి మరో ఏడాది పట్టింది. ఈ వక్రరేఖల గణితమే నేడు మన ఫోన్లలోని సమాచార భద్రతకు కూడా పనికివస్తోంది.

మన ఊరికి ఇది కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన గణితజ్ఞుడు మీనాక్షిసుందరం, స్వీడన్ గణితజ్ఞుడు ప్లేయెల్‌తో కలిసి 1949లో ప్రచురించిన ఫలితం నేటికీ జ్యామితి పరిశోధకులకు ఆధారంగా ఉంది.

ఇక ఉపాధి. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) సాధిస్తే 2023 నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆపైన ఇంటి అద్దె భత్యం లభిస్తాయి కాబట్టి పీహెచ్‌డీ భారం మీపై పడదు. అసలు కష్టం ఆ తరువాతే ఉంది: పీహెచ్‌డీకి అయిదారేళ్ళు, పిమ్మట తరచు విదేశాలలో తాత్కాలిక నియామకాలు, స్థిరమైన అధ్యాపక పదవి వచ్చేసరికి ముప్పై దాటవచ్చు. పెళ్ళి గురించి ఇంట్లో వచ్చే ఒత్తిడిని కూడా లెక్కలోకి తీసుకుని, ఈ కాలవ్యవధిని మీరిద్దరూ ఇప్పుడే దాపరికం లేకుండా మాట్లాడుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఎమ్మెస్సీ ఎక్కడ చదువుతుందన్నది చాలా ముఖ్యం. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కూ, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కూ వేరే ప్రవేశ పరీక్షలున్నాయి. ఐఐటీలకు జామ్ అనే ఉమ్మడి ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష రాయాలి. సమూహాలు (గ్రూపులు), వలయాలు (రింగులు), రేఖీయ బీజగణితం (లీనియర్ ఆల్జీబ్రా) అనే పాఠ్యాంశాలలో సిద్ధాంతాలను కంఠస్థం చేయడం మాని, నిరూపణలను పుస్తకం మూసి సొంతంగా రాయగలగాలి. గణిత విద్యార్థుల కోసం నడిపే ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) వేసవి శిక్షణకు తప్పక దరఖాస్తు చేయించండి; ఈ పని తనకు నిజంగా నచ్చుతుందో లేదో ఆమెకే అక్కడ తెలుస్తుంది. బీఈడీ ఎమ్మెస్సీ తరువాత కూడా చేయవచ్చు కనుక, ఈ ఏడాది ఆమెను ఈ పరీక్షలకే సిద్ధం కానివ్వండి.